ఫిజిక్సు పాఠానికి ఊఁ కొట్టిన రోజులు

కిందటి నెల మా కాలనీకి దగ్గరలో ఉన్న ఇంజనీరింగు కాలేజీవాళ్ళు పిలిస్తే వెళ్ళాను. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకి ఇంగ్లీషు పాఠాలు వినడం అలవాటు చేయడానికి వాళ్ళు కొత్తగా ఒక గది కట్టారు. రిటైరైన ఫిజిక్సు లెక్చరర్ని కాబట్టి చూసి నాలుగు మాటలు చెప్పమన్నారు. గదినిండా చెక్కతో కట్టిన అరలు, అరకొక విద్యార్థి, అందరి చెవులకీ హెడ్‌ఫోన్లు. వింటున్నది అర్థమైతే పచ్చమీట నొక్కాలి, కాకపోతే ఎర్రమీట. మాస్టారి బల్లమీది తెరలో వరసగా అన్నీ పచ్చచుక్కలే. "ఒక్క ఎర్రది లేదు, చూడండి సార్" అని ఆ కుర్ర మాస్టారు సంతోషపడ్డాడు. నేను దగ్గరలో ఉన్న ఒక అమ్మాయి పక్కన వంగి, ఏమర్థమైందమ్మా అని అడిగాను. ఆ పిల్ల హెడ్‌ఫోన్లు తీసి, "నాకింకా వైరు తగిలించలేదండి" అంది. మరి పచ్చది నొక్కావే అంటే, "అందరూ నొక్కారు కదండీ" అంది. ఆ సమాధానంలో దోషమేమీ కనిపించక, నేను నాలుగు మాటలూ చెప్పి, వాళ్ళిచ్చిన శాలువా పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

వచ్చి కాళ్ళు కడుక్కుని డైరీల పెట్టె దించాను. తొమ్మిదో తరగతి నుంచీ నేను డైరీ రాస్తున్నాను. ముందు వాతావరణం, తర్వాత భోజనం, తర్వాత వచ్చిన మనుషులు, చివర మిగతా సంగతులు. ఈ వరస ఇప్పటిదాకా మార్చలేదు. నేను వెతికిన డైరీ అరవైల చివరిది, మా మావ తను పనిచేసే జూట్ మిల్లు ఆఫీసులో మిగిలిపోతే తెచ్చి ఇచ్చినది. దాని అట్టకి ఇప్పటికీ గోనెనార వాసన ఉంది. జూలై నెలలో ఒక పేజీ ఇలా ఉంది: "ముసురు. చోడి అంబలి, ఎండు నెత్తళ్ళు. ఎవరూ రాలేదు. ఊఁ అన్నందుకు క్లాసులోంచి గెంటేశారు."

అప్పటికి జూనియర్ కాలేజీలు లేవు. పదకొండో తరగతి, అంటే ఎస్సెస్సెల్సీ అయ్యాక ఏడాదిపాటు పి.యు.సి. చదవాలి, అది పూర్తిగా ఇంగ్లీషులో. మాది పాతపట్నం అవతల చిన్న ఊరు. పదకొండో తరగతి దాకా నేను త్వరణము, జడత్వము, ద్రవ్యవేగము అంటూ చదువుకున్నాను, వాటిని నిద్రలో అడిగినా చెప్పేవాణ్ణి. అవే విజయనగరం కాలేజీలో వేరే పేర్లతో ఎదురవుతాయని, మనం వాటిని గుర్తుపట్టలేమని నాకంటే ముందు వెళ్ళినవాళ్ళు చెప్పారు. మా ఊరినుంచి అలా వెళ్ళినవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ దసరాకి ముందే పరుపుచుట్టతో తిరిగి వచ్చారు. అందుకని మా నాన్న తన లెక్క ముందే చెప్పేశాడు: దసరాకి ముందు జరిగే క్వార్టర్లీ పరీక్షలో ఫిజిక్సు పాసైతే చదువు, తప్పితే నెల్లిమర్ల మిల్లులో పని. మా మావ అక్కడ టైంకీపరు. అప్రెంటిసు చోటు ఒకటి దసరా దాకా ఖాళీగా ఉంచమని, పనివాళ్ళని పెట్టుకునే సర్దారుతో మాట్లాడి పెట్టాడు కూడా. మిల్లుపని తక్కువని నేననుకోలేదు, మా మావ ఇంటి అన్నం దానిదే. కానీ నాకు లెక్కలంటే ప్రాణం.

వేసవి సెలవులకి నన్ను అమ్మమ్మగారింటికి పంపారు. నెల్లిమర్ల దాటాక రెండు మైళ్ళలో ఆ ఊరు. అక్కడుండి కాలేజీకి సైకిలు మీద వెళ్ళవచ్చని ఒక కారణం, నన్ను ఇంగ్లీషు చదువుకి తయారుచేస్తానని మా మావ పైడిరాజు మాట ఇవ్వడం రెండో కారణం. మావ కాలేజీ గేటు లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు. అయినా ఆయనకొక సిద్ధాంతం ఉండేది. "ఇంగిలీసు అర్తమవడం తరవాత సంగతిరా. ముందు గంటసేపు అర్తం కాకుండా కూకోడం రావాల. అది రాక ఎల్లిపోతన్నారు ఎదవలు, బుర్రల్నేక కాదు" అనేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాట కొట్టిపారేయడానికి వీల్లేదు.

కూర్చోవడం నేర్పడానికి మావ ఇంటి అరుగుమీద కాలేజీ పెట్టాడు. మిల్లునుంచి ఒక ఇనప పట్టాముక్క తెచ్చి దూలానికి గంటలా వేలాడదీశాడు. క్లాసంటే ఒక్కడు ఉంటే చాలదు, పదిమంది ఊపిరి తగలాలి అని ఇంట్లో అందర్నీ చేర్చుకున్నాడు. మిల్లు హాజరుపట్టీలాంటిదే ఒకటి గీసి పేర్లు రాశాడు. ఒకటో నంబరు అమ్మమ్మ, రెండోది నేను, మూడోది అత్త, నాలుగోది పక్కింటి సూరమ్మ. మావ డ్యూటీ దిగి వచ్చి, ఒంటికి పట్టిన నారధూళి దులుపుకుని, చొక్కా మార్చకుండానే గంట కొట్టేవాడు. ఆ చొక్కానుంచి మిల్లు నూనె వాసన అరుగంతా నిండేది. నాకు ఇప్పటికీ కాలేజీ అన్నమాట వింటే ఆ నూనె వాసనే ముందు వస్తుంది. పేరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనాలని నియమం. అమ్మమ్మ మాత్రం "ఎదురుగా ఉన్నాను గదరా, కనపడనేదా?" అనేది. అత్తకి రోజూ ఆలస్యమే. "గంజి వార్చి వొచ్చీసరికి తలుపేసీసినారు" అని గుమ్మంలో నిలబడేది. అరుగుకి తలుపు లేదు, కానీ మావ ఊహలో ఉండేది.

పాఠం చెప్పడానికి ఇంట్లో ఉన్న ఇంగ్లీషు పుస్తకం ఒక్కటే. మిల్లులో నారని నూనె, నీళ్ళతో తడిపి మెత్తబరిచే యంత్రం ఎలా నడపాలో రాసిన పుస్తకం, ఎవరో దొర వదిలిపోయినది. మావ దాన్ని పెద్దగొంతుతో, చేతులు తిప్పుతూ, గంటసేపు చదివేవాడు. మావకి అందులో మూడోవంతు తెలిసేది. మాకు ఏమీ తెలిసేది కాదు. కానీ అమ్మమ్మ ఎదుట ఎవరేం చెప్పినా ఊఁ కొట్టకుండా వినడం ఆ ఇంట్లో లేదు. కథైనా, కబురైనా, చావు సంగతైనా, చెప్పేవాడు మాటమాటకీ ఆగాలి, వినేవాడు ఊఁ అనాలి, అప్పుడే ముందుకి సాగాలి. అమ్మమ్మ అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసేది. కాబట్టి ఆమె ఊఁ గొంతులోంచి, పొగతో కలిసి, గంభీరంగా వచ్చేది. ఒకరోజు నేను ఊరికే కూర్చుంటే మోకాలిమీద కొట్టింది.

"ఏట్రా, మనిషి గొంతు పోయేలాగ సెప్తంటే బెల్లంకొట్టిన రాయిలాగ కూకున్నావు? ఊఁ అను."

"అర్థం కాలేదు కదా అమ్మమ్మా."

"నాకు మాత్రం అయ్యిందేటి? అను."

అలా రెండు నెలలు మేం నలుగురం నార మెత్తబరిచే యంత్రానికి ఊఁ కొట్టాం. మావ పాఠం చివర "ఎనీ డౌట్స్?" అని ఇంగ్లీషులో అడిగేవాడు. సూరమ్మ ఒకసారి, ఆ మిషను దగ్గర ఆడవాళ్ళకి పని దొరుకుతుందేమో కనుక్కోమంది. మావ అది సిలబసులో లేదన్నాడు. జూన్ నెలాఖరుకి నేను గంటసేపు కదలకుండా కూర్చోగలను, ముఖం చెదరకుండా ఉంచగలను, ఆగిన చోటల్లా ఊఁ అనగలను. నన్ను పూర్తిగా తయారుచేశానని మావ మిల్లు ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు.

కాలేజీలో ఫిజిక్సు హాలు మెట్లుమెట్లుగా ఉండేది. ఎనభైమంది పిల్లలం. లెక్చరరు విశ్వనాథం గారు సన్నటి మనిషి, తెల్లప్యాంటు, చేతులనిండా సుద్దపొడి. లోపలికి రాగానే బోర్డువైపు తిరిగి ఇంగ్లీషులో మొదలుపెట్టారు. మొదటి వాక్యం అయింది. ఆయన ఆగారు. నేను ఊఁ అన్నాను.

కావాలని అనలేదు. రెండు నెలల అలవాటు, ఆగితే వచ్చేస్తుంది. హాలు పైకప్పు ఎత్తుగా ఉండటంతో అది నాలుగింతలై వినిపించింది. ఆయన వెనక్కి తిరిగి కిటికీలోంచి బయటికి చూశారు, గేదె ఏదైనా వచ్చిందేమోనని. మళ్ళీ బోర్డువైపు తిరిగి రెండో వాక్యం చెప్పారు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, అయినా ముక్కులోంచి వచ్చింది. ఎనభైమందీ ఒకేసారి నవ్వారు. ఆయన మెట్లెక్కి వచ్చి నన్ను లేపి, వెక్కిరిస్తున్నావా అని ఇంగ్లీషులో అడిగారు. ఆ వాక్యం నాకు అర్థం కాలేదు. ఆయన నా జవాబు కోసం ఆగారు. ఆగారు కాబట్టి నేను ఊఁ అన్నాను.

గార్డియన్ని తీసుకొస్తే తప్ప క్లాసులో అడుగుపెట్టవద్దన్నారు. బొబ్బిలినుంచి వచ్చిన సత్యం, నా పక్క బెంచీవాడు, వాళ్ళింట్లో వీణలు చేస్తారు, నా సంచీ తెచ్చి వరండాలో ఇచ్చి, "ఒరే, నువ్వు బాగానే అన్నావురా, గాని శ్రుతి తక్కువైంది" అని ఓదార్చాడు. హాజరు లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే మిల్లే. సైకిలు తొక్కుతున్నంతసేపూ ఆ ఒక్క సంగతే లెక్క వేసుకున్నాను.

మావ విని అరుగుమీద కూలబడ్డాడు. తన పద్ధతిలో పెరిగిన మొదటి విద్యార్థి మొదటిరోజే బయటికి వచ్చాడు. కాలేజీకి రావడానికి ఆయనకి మొహం చెల్లలేదు, డ్యూటీ మారిందని ఏదో చెప్పాడు. బదులుగా ఒక క్షమాపణ కాగితం రాసిచ్చాడు. ఆయనకి తెలిసిన ఇంగ్లీషు మిల్లు రిపోర్టుల ఇంగ్లీషే కదా. తెలుగులో చెప్పుకుంటే అది ఇలా ఉంటుంది: "పని నడుస్తున్న సమయంలో సదరు మనిషి నుంచి శబ్దం వచ్చిన మాట వాస్తవం. కారణం, నూనె చాలకపోవడం. లోపం సరిచేయబడింది. తిరిగి వాడుకలోకి తీసుకోవలసిందిగా ప్రార్థన." ఆ కాగితం మడిచి రొంటిని దోపుకుని, అమ్మమ్మ నాతో విజయనగరం బస్సెక్కింది.

విశ్వనాథం గారు వరండాలో నిలబడి కాగితం రెండుసార్లు చదివారు. నన్నొకసారి, అమ్మమ్మనొకసారి చూశారు. అమ్మమ్మ చుట్ట తీసి, నిప్పుకొస మళ్ళీ నోట్లోకి తిప్పుకుంటుంటే ఆయన తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశారు.

"అమ్మా, మీవాడు క్లాసులో జంతువులాగా శబ్దం చేస్తున్నాడు" అన్నారు తెలుగులో.

"జంతువేటి బాబూ, ఊఁ కొడతన్నాడు. నువ్వు సెప్తన్నావు, ఆడు ఇంటన్నాడు. ఊఁ అనకపోతే నీ మాట ఆడికి సేరిందో నేదో నీకెలాగ తెలుస్తాది?"

"మిగతావాళ్ళు తలలూపుతారు."

"బుర్ర గొర్రె కూడా ఊపుతాది. ఆ రోజు ఏటి సెప్పినావో నాకోసారి సెప్పు, సూస్తాను."

ఆయన కాసేపు తటపటాయించారు. వరండాలో ఇద్దరు ప్యూన్లు ఆగి చూస్తున్నారు. చివరికి మర్యాదకోసం, క్లాసులో చెప్పినట్టే ఇంగ్లీషులో మొదలుపెట్టారు. ఒక వస్తువుమీద రెండు బలాలు రెండు దిక్కుల్లో పనిచేస్తే ఫలితబలం ఏ దిక్కున ఉంటుంది అన్నది పాఠం. మొదటి వాక్యం చెప్పి ఆగారు. అమ్మమ్మ ఊఁ అనలేదు. చుట్ట కూడా కదలలేదు. ఆయన అదే వాక్యం నెమ్మదిగా చెప్పారు. అమ్మమ్మ అలాగే చూస్తోంది. సుద్దముక్క తీసి వరండా గచ్చుమీద బొమ్మ గీశారు, బాణాలు పెట్టారు, అక్షరాలు రాశారు. ఏమీ లేదు. నుదుటిమీద చెమట తుడుచుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "రెండు ఎడ్లు ఉన్నాయనుకో అమ్మా, దుంగకి కట్టాం. ఒకటి అటు లాగుతోంది, ఒకటి ఇటు" అన్నారు.

"ఊఁ" అంది అమ్మమ్మ.

ఆయన ముఖం వెలిగింది. ఇంక ఆగలేదు. ఒక ఎద్దు బలంగా ఉంటే దుంగ ఎటు వెళుతుంది, రెండూ సమానమైతే ఎటు, వాటిమధ్య కోణం తగ్గితే ఏమవుతుంది, గచ్చుమీద కూర్చుని మరీ చెప్పారు. మధ్యలో క్లాసు గంట మోగింది, ఆయన వినలేదు. పాఠం మొత్తం అయ్యాక అమ్మమ్మ నావైపు తిరిగింది.

"బాబుకి సెప్పు. ఆ రోజు నువ్వు ఊఁ అన్నప్పుడు ఇదంతా నీకు తెలిసిందేటి?"

నేను లేదన్నాను.

"ఏటీ తెలీకుండానే అన్నావా?"

"అరుగుమీద అలాగే కదా అన్నాం. నువ్వూ అన్నావు కదా."

"ఆడు నా కొడుకు, ఆడి మనసు కోసం అన్నాను. ఈ బాబు నీకేటవుతాడు? ఈయన దగ్గర తెలీకుండా ఊఁ అనడమంటే అబద్దమాడ్డమేరా. బాబూ, ఈణ్ణి గెంటీసినందుకు నీ తప్పేటీ నేదు. గాని శబ్దం సేసినందుకు గాదు, అబద్దమాడినందుకు గెంటు."

విశ్వనాథం గారు చేతులు దులుపుకుని లేచారు. ఆ తర్వాత నాతో, రేపటినుంచి రా, కానీ అర్థమైతేనే ఊఁ అను, కాకపోతే అనకు, అన్నారు. నేను ఊఁ అనబోయి, తలూపబోయి, రెండూ మానేసి, "చిత్తం సార్" అన్నాను.

ఆ చిన్న షరతు ఎంత కష్టమో మర్నాడు తెలిసింది. ఆయన ఒక వాక్యం చెప్పి నావైపు చూశారు. నాకు అర్థం కాలేదు, ఊరుకున్నాను. మళ్ళీ చెప్పారు. ఎనభైమంది మధ్య ఒక్కణ్ణి తెలివితక్కువవాణ్ణని ప్రతి నిమిషం ఒప్పుకుంటూ కూర్చోవడానికి మావ నాకు తర్ఫీదు ఇవ్వలేదు. మూడోసారి చెప్పారు. వెనక బెంచీలు గొణిగాయి. నాలుగోసారి ఇంగ్లీషు మధ్యలో రెండు తెలుగు మాటలు పడ్డాయి, అప్పుడు ఊఁ అన్నాను. వారం తిరిగేసరికి గొణుగుడు ఆగిపోయింది. పదిరోజులకి సత్యం నా చొక్కా వెనకనుంచి పట్టుకుని, "ఒరే, తొందరపడి ఊఁ అనీకురా, మాకింకా అవనేదు" అని గుసగుసలాడటం మొదలుపెట్టాడు. పై మెట్లవాళ్ళు చీటీలు పంపేవారు. హాస్టలు పిల్లలు ఇడ్లీలు తెచ్చిపెట్టి, లాగే బలాలు అయ్యేదాకా ఊఁ అనవద్దని బతిమాలేవారు. నేను ఎనభైమంది తరఫున అర్థం చేసుకోవలసినవాణ్ణయ్యాను. నాకు అర్థమైనా వాళ్ళ ముఖాలు చూసి ఆగేవాణ్ణి. ఒకరోజు జ్వరంతో వెళ్ళకపోతే ఆయన పాఠం చెప్పలేక అందరినీ ముందే వదిలేశారట.

దీనివల్ల జరగవలసినదే జరిగింది. దసరాకి ఎనిమిది పాఠాలు అవ్వాలి. మా సెక్షనులో మూడే అయ్యాయి. పక్క సెక్షనులో ఎనిమిదీ పూర్తిచేసి, రెండోసారి కూడా చెప్పేశారు. ప్రశ్నపత్రం పక్క సెక్షను లెక్చరరు గారు తయారుచేశారు, ఎనిమిదింటిమీదా. ప్రిన్సిపాలు గారు విశ్వనాథం గారిని పిలిచి ఏమన్నారో తెలియదు కానీ, ఆ రోజు ఆయన సుద్దముక్క తేకుండా క్లాసుకి వచ్చారు. నేను పరీక్ష హాల్లో పత్రం తిప్పి చూస్తే, సగానికి పైగా ప్రశ్నలు నేనెప్పుడూ వినని సంగతులమీద ఉన్నాయి. మిల్లు సర్దారు ముఖం కనిపించింది. తెలిసిన ప్రశ్నలు మాత్రం మొత్తం రాశాను. ఇంగ్లీషు మాట దొరకనిచోట బొమ్మ వేశాను, బొమ్మ చాలనిచోట రెండు ఎడ్లని కట్టాను.

పాసుకి ముప్పై అయిదు కావాలి. నాకు ముప్పై ఏడు వచ్చాయి. మా సెక్షనులో చాలామందికి అటూఇటూగా అంతే. ఎనిమిది పాఠాలూ రెండుసార్లు విన్న పక్క సెక్షనులో పాసైనవాళ్ళు మాకంటే తక్కువ. దానికి కారణం ఏమిటన్నదానిమీద స్టాఫు రూములో వాదన జరిగిందట. తర్వాత ముప్పై ఏళ్ళు నేనే లెక్చరరు బల్లకి ఇవతల నిలబడి పాఠం చెప్పాను. సిలబసు ఎప్పుడూ సకాలంలో పూర్తిచేశాను. ఆ సంగతి నా డైరీల్లో వరసగా నమోదై ఉంది. ఏ ఏడూ ఏ పిల్లవాడూ నన్ను ఆపలేదు, నేనూ ఆగలేదు. ఆ కుర్ర మాస్టారి పచ్చచుక్కలు చూసి నేను నవ్వలేకపోవడానికి అది ఒక కారణం.

మార్కుల కాగితం పట్టుకుని ఇంటికి వెళ్ళిన సాయంత్రం మావ దాన్ని వెలుతురులో పెట్టి చూసి, చొక్కా వేసుకుని, ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చుకోమని సర్దారుతో చెప్పడానికి వెళ్ళాడు. వీధిలో అప్పుడే చెరువునుంచి నానిన గోగునార మోపులు మోసుకొస్తున్నారు, ఊరంతా ఆ కుళ్ళు వాసన. మోపు దించి సూరమ్మ గుమ్మంలో ఆగి, మనవడు పాసయ్యాడటగా అని అమ్మమ్మని అడిగింది.

"మూడు పాఠాలకి పాసయ్యేడు" అంది అమ్మమ్మ. "ఇంకా అయిదున్నాయి."